ప్రాజెక్టు డైరీ: దీన్, చదువు, ఆట ఒకే టైంటేబుల్‌లో

జనవరి 2025, సంక్రాంతి సెలవుల తర్వాత

నంద్యాలలో మా సొసైటీ నడిపే హైస్కూలుకు వచ్చే విద్యాసంవత్సరం పాఠ్యప్రణాళికను మొదట్నుంచీ మళ్లీ రాసే పని నాకు అప్పగించారు. ఆరు నుంచి పది దాకా తరగతులు, ఇంగ్లీషు మీడియం, స్టేట్ సిలబస్. పిల్లల్లో ఎక్కువమంది ముస్లింలు. హిందూ, క్రైస్తవ కుటుంబాల పిల్లలూ ఉన్నారు. నేను లెక్కల టీచర్ని. ఏం తేల్చుకున్నామో, ఎందుకు తేల్చుకున్నామో ఎప్పటికప్పుడు ఇక్కడ రాస్తాను. ఇలాంటి బడి నడిపే ఇంకెవరికైనా పనికొస్తుందని ఆశ.

కమిటీ పెద్దలు చెప్పింది ఒకే మాట: దీన్ (మతవిద్య) తగ్గకూడదు, పదో తరగతి మార్కులూ తగ్గకూడదు. తల్లిదండ్రులు అడిగేవి వేరే ఉన్నాయి. కంప్యూటర్ కావాలి, అరబిక్ మాట్లాడించాలి, ఉర్దూ చదవడం రావాలి, పిల్లలు ఆడుకోవాలి.

తొమ్మిదో తరగతి ఇప్పటి టైంటేబుల్ ముందేసుకున్నాను. వారానికి 48 పీరియడ్లు, ఒక్కోటి 40 నిమిషాలు. తెలుగు 6, హిందీ 4, ఇంగ్లీషు 6, లెక్కలు 8, ఫిజికల్ సైన్స్ 5, బయాలజీ 4, సోషల్ 6. ఇక్కడికి 39. నాజిరా (ఖురాన్ చూసి చదవడం), దీనియాత్ (మతపాఠాలు) కలిపి 8. మిగిలిన ఒక్కటీ ఆటలకు. లైబ్రరీ లేదు, కంప్యూటర్ లేదు, బొమ్మలు గీసే గంట లేదు.

సగం దీన్‌కు, సగం దునియాకు (లోకపు చదువుకు) అని కాగితం మీద గీత గీస్తే పని అయిపోతుందని కొందరంటారు. నాకు ఆ లెక్క మీద నమ్మకం లేదు. బడి టైంటేబుల్ పిల్లవాడి రోజులో ఒక ముక్క మాత్రమే. ముందు రోజంతా చూడాలి.

జనవరి చివర

పిల్లలందరికీ ఒక కాగితం ఇచ్చాం. ఫజర్ (తెల్లవారుజాము నమాజు) నుంచి పడుకునేదాకా ఏ గంటలో ఎక్కడున్నారో రాయమన్నాం. ఇంట్లో అమ్మతో సంతకం పెట్టించుకు రమ్మన్నాం.

మగపిల్లల కాగితాలు చాలావరకు ఒకేలా ఉన్నాయి. ఫజర్ నమాజు కాగానే మసీదులో మక్తబ్ (ఖురాన్ నేర్పే బడి), ఏడు గంటల దాకా. తర్వాత బడి. బడి అవగానే ట్యూషన్. మగ్రిబ్ (సూర్యాస్తమయం నమాజు) తర్వాత మళ్లీ మక్తబ్, ఇషా (రాత్రి నమాజు) దాకా. భోజనం చేసి హోంవర్క్ ముందు కూర్చునేసరికి తొమ్మిది దాటుతోంది. పొద్దున మక్తబ్‌లో నాజిరా, బడిలో నాజిరా, రాత్రి మక్తబ్‌లో మళ్లీ నాజిరా. మూడు చోట్లా ముగ్గురు ఉస్తాదులు, ఒక్కో చోట ఒక్కో ఖాయిదా (అరబీ అక్షరాల వాచకం). ఒకరు దిద్దింది ఇంకొకరికి తెలియదు. ఒక పిల్లవాడు ఒకచోట ముప్ఫయ్యో పారాలో (ఖురాన్ ముప్ఫై భాగాల్లో చివరిది) ఉంటే ఇంకోచోట ఇంకా అక్షరాల దగ్గరే ఉన్నాడు.

ఆడపిల్లల కాగితాలు వేరే కథ చెప్పాయి. ఆరో తరగతి దాకా మక్తబ్‌కు వెళ్తున్నారు. ఏడు, ఎనిమిది వచ్చేసరికి ఇంట్లో మాన్పించేస్తున్నారు. ఆ తర్వాత వాళ్లకు ఖురాన్ చదివించే చోటు మా బడి ఒక్కటే. పైగా సాయంత్రం వాళ్ల గంటలు వంటింట్లోకి, తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ చూసుకోవడంలోకి పోతున్నాయి. అందరికీ సమానంగా ఎనిమిదేసి పీరియడ్లు పంచితే మగపిల్లలకు అది మూడోసారి అవుతోంది, ఆడపిల్లలకు చాలకుండా పోతోంది. ప్రణాళిక ఇక్కడి నుంచే మొదలవ్వాలని ఆ కాగితాలు చూశాక గట్టిగా అనిపించింది.

ఫిబ్రవరి మొదటి వారం

చట్టం సంగతి ముందే చూసుకోవాలి కాబట్టి రెండు రోజులు దానిమీద కూర్చున్నాను.

విద్యాహక్కు చట్టం షెడ్యూలు ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1,000 బోధనా గంటలు ఉండాలంటుంది. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు మైనారిటీ విద్యాసంస్థలకు ఆ చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. అయినా ఆ అంకె కింద మా బడి పోకూడదని కమిటీకి రాశాను. వర్తించదు కాబట్టి తగ్గించుకోవచ్చనే మాట పిల్లలకు న్యాయం చేసేది కాదు. ఆ గంటలు మామూలు సబ్జెక్టులకే పూర్తిగా దక్కాలి. దీనియాత్‌ను అందులో కలిపి చూపించకూడదు.

రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలుగా మనకు బడి పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. 28వ అధికరణంలోని మూడో క్లాజు ఇంకో మాట చెబుతుంది: ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న బడిలో ఎవరినీ వాళ్ల సమ్మతి లేకుండా మతబోధకు కూర్చోబెట్టకూడదు, మైనర్లయితే సంరక్షకుల సమ్మతి కావాలి. మాది గుర్తింపు ఉన్న బడి. అందుకని అడ్మిషన్ ఫారంతో పాటు సమ్మతి పత్రం పెడుతున్నాం, ముస్లిం పిల్లలకు కూడా. దీనియాత్ గంటలో మిగతా పిల్లలు వెనక బెంచీలో కూర్చుని కాపీ పుస్తకాలు నింపుకునే పద్ధతి పోవాలి. వాళ్లకు అదే సమయంలో తెలుగు మేడమ్ దగ్గర కథలు, వేమన, సుమతీ శతకాలు, చర్చ. ముస్లిం పిల్లల్లో కొందరు మేమూ అక్కడికి వస్తామంటున్నారు. వాళ్ల కోసం అలాంటి గంట ఒకటి లైబ్రరీ పీరియడ్‌లో పెట్టాలి.

ఫిబ్రవరి మూడో వారం

మా బడిలో దీనియాత్ చెప్పే హాఫిజ్ (ఖురాన్ కంఠస్థం చేసినవారు) సాబ్‌తో, ఆడపిల్లలకు దీనియాత్ చెప్పే ఆలిమా (మతశాస్త్రం చదివినవారు) ఆపాతో, మా చుట్టుపక్కల మసీదుల ఇమామ్ సాబ్‌లతో కూర్చున్నాం. వీళ్లందరూ ఒక గదిలో కూర్చోవడం ఇదే మొదటిసారి. ఇంతకాలం మా బడిలో హాఫిజ్ సాబ్‌ను స్టాఫ్ మీటింగుకు పిలిచే అలవాటే లేదు. ఇకమీదట దీనియాత్ టీచర్లు ప్రతి మీటింగులో ఉండాలని హెడ్‌మాస్టర్ గారు అక్కడికక్కడే చెప్పేశారు.

నాజిరా పీరియడ్లు తగ్గిద్దామంటే హాఫిజ్ సాబ్ ఒప్పుకోలేదు.

"బేటీ, ఖురాన్ రోజూ నోట్లో ఆడాలి. వారానికి నాలుగు రోజులు చదివి మూడు రోజులు వదిలేస్తే మఖారిజ్ (అక్షరాలు పలికే తీరు) మళ్లీ చెడిపోతాయి. నేను మళ్లీ మొదట్నుంచీ దిద్దాలి."

ఆయన చెప్పింది నిజం. లెక్కలైనా అంతే, రోజూ కొద్దికొద్దిగా చేసినవాడికే వస్తాయి. అప్పుడు ఆలిమా ఆపా అన్నారు, రోజూ చేద్దాం, తక్కువసేపు చేద్దాం అని. ప్రార్థనకు ముందు 20 నిమిషాలు, ఆరు రోజులూ. బడి 20 నిమిషాలు ముందు మొదలవుతుంది. తరగతుల వారీగా కాక స్థాయి వారీగా గుంపులు: అక్షరాల దగ్గరున్నవాళ్లు, కూడబలుక్కుని చదివేవాళ్లు, తజ్వీద్ (ఖురాన్ పలికే నియమాలు) దిద్దుకోవాల్సినవాళ్లు. నాజిరా పూర్తయి తజ్వీద్ కుదిరినవాళ్లు నాలుగో గుంపు, వాళ్లు చిన్న సూరాల (ఖురాన్ అధ్యాయాల) అర్థం తెలుగులో చదువుతారు. ముప్ఫయ్యో పారాలో ఉన్న 37 సూరాలతో మొదలుపెడతాం. రోజూ నమాజులో చదివేవి ఎక్కువగా అవే కదా.

దీనియాత్‌కు వారానికి 3 పీరియడ్లు. ఇదివరకు వారానికి 320 నిమిషాలు, ఇప్పుడు 120, 120 కలిపి 240. మక్తబ్ మానేసిన ఆడపిల్లలకు శుక్రవారం ఇంకో గంట, దాని సంగతి కింద రాస్తాను. ఇమామ్ సాబ్‌లు ఒక మాట ఇచ్చారు: మక్తబ్‌లో నాజిరా, హిఫ్జ్ (ఖురాన్ కంఠస్థం) వాళ్లు చూసుకుంటారు, ఫిఖహ్ (ధర్మశాస్త్రం), సీరత్ (ప్రవక్త జీవితం), అఖ్లాఖ్ (నడవడిక), అర్థం బడి చూసుకుంటుంది. ప్రతి పిల్లవాడి దగ్గర ఒక చిన్న నోటుబుక్కు, మక్తబ్‌లో ఉస్తాద్ ఎక్కడ ఆపారో అందులో రాస్తే బడిలో అక్కడి నుంచి మొదలు. ఖాయిదా కూడా అన్నిచోట్లా ఒకటే.

48లో 5 పీరియడ్లు మిగిలాయి. ఆటలకు ఇంకో 2, కంప్యూటర్‌కు 2, లైబ్రరీకి 1.

మార్చి, రంజాన్ నెల

మార్చి 2న ఉపవాసాలు మొదలయ్యాయి. పదో తరగతి పరీక్షలు 17 నుంచి, పొద్దున 9:30 నుంచి 12:45 దాకా. పిల్లలు సహరీకి (ఉపవాసానికి ముందు భోజనానికి) లేచి, ఫజర్ చదివి, కాసేపు పడుకుని పరీక్షకు వెళ్తున్నారు. మగపిల్లలు రాత్రి తరావీహ్ (రంజాన్ ప్రత్యేక నమాజు) అయ్యాక ఇంటికొచ్చి పుస్తకం తీస్తున్నారు. వాళ్లకు లోటుగా ఉన్నది అన్నం కన్నా నిద్ర. ఇది చూసి వచ్చే ఏళ్లకు ఒక పట్టిక వేశాను. చాంద్ర సంవత్సరం 354 రోజులు కాబట్టి రంజాన్ ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2026లో ఫిబ్రవరి మూడో వారంలో మొదలై మార్చి మూడో వారం దాకా. 2027లో ఫిబ్రవరి రెండో వారం నుంచి. 2028లో జనవరి చివర్నుంచి. 2029లో సంక్రాంతి అవగానే. 2030లో రంజాన్ రెండుసార్లు వస్తుంది, జనవరి మొదట్లో ఒకటి, డిసెంబరు చివర్లో ఒకటి.

దీనివల్ల పదో తరగతి సిలబస్ డిసెంబరుకల్లా అయిపోవాలని రాసుకున్నాం. రంజాన్ నెలలో కొత్త పాఠం ఉండదు. పొద్దునే మొదటి మూడు పీరియడ్లు లెక్కలు, సైన్స్ పునశ్చరణ. మధ్యాహ్నం తర్వాత రాయించేవి, కంఠస్థం పెట్టించేవి వద్దు. ప్రయోగాల రికార్డులు, మ్యాపులు ఆ వేళకు. ఆటల పీరియడ్లు ఆ నెలలో చేతిపనికి. ఉపవాసం లేని పిల్లలకు భోజనం గది మామూలుగానే తెరిచి ఉంటుంది, వాళ్లు దాక్కుని తినాల్సిన అవసరం రాకూడదు.

ఏప్రిల్

పరీక్షలయ్యాయి. ఈ నెలంతా నాకు బాగా ఇష్టమైన పని: ఐదు తరగతుల దీనియాత్ సిలబస్‌నూ, మిగతా సబ్జెక్టుల పాఠాలనూ పక్కపక్కన పెట్టి ఎక్కడెక్కడ కలుస్తున్నాయో చూడటం.

ముందే ఒక నియమం పెట్టుకున్నాం. ప్రతి పాఠానికీ ఒక ఆయత్ (ఖురాన్ వాక్యం) అతికించకూడదు. ఓమ్ నియమం ఓమ్ నియమంగానే చెప్పాలి. దీన్‌కూ ఆ పాఠానికీ నిజంగా సంబంధం ఉన్నచోటే కలపాలి. అలాంటి చోట్లు వెతికితే చాలానే దొరికాయి.

జకాత్ (ఉన్నవాళ్లు ఏటా ఇవ్వాల్సిన దానం) దీనియాత్‌లో ఏడో తరగతిలో ఉంది, శాతాలు కూడా ఆ వయసులోనే నేర్చుకుంటారు. నిసాబ్ (జకాత్ ఇవ్వాల్సి వచ్చే కనీస ఆస్తి) బంగారమైతే ఏడున్నర తులాలు, అంటే 87.48 గ్రాములు. వెండి అయితే యాభై రెండున్నర తులాలు, 612.36 గ్రాములు. ఆ మేర ఉండి ఏడాది గడిస్తే 2.5 శాతం. పిల్లలు ఆరోజు బంగారం, వెండి ధరలు పేపర్లో చూసుకుని లెక్క వేయాలి. వెండి నిసాబ్ ఎంత తక్కువ డబ్బుకే వస్తుందో వాళ్లే కనుక్కుంటారు, ఉలమాల్లో (మత పండితుల్లో) చర్చ ఎందుకుందో అప్పుడు హాఫిజ్ సాబ్ చెబుతారు. ఉష్ర్ (పంట మీద జకాత్) మా పిల్లలకు ఇంకా దగ్గర. వానకు పండిన పంటలో పదో వంతు, ఖర్చుపెట్టి నీళ్లు పెడితే ఇరవయ్యో వంతు. నల్లరేగడిలో వానకు పండిన శనగకూ బోరు కింద వరికీ తేడా రైతుల పిల్లలే క్లాసులో వివరించగలరు.

తొమ్మిదిలో ఫరాయిజ్, వారసత్వ వాటాలు. ఇది లెక్కల టీచరుగా నేనే అడిగి తీసుకున్నాను. ఒకాయన భార్యనూ తల్లినీ ఒక కొడుకునూ వదిలి చనిపోయాడు. భార్యకు 1/8, తల్లికి 1/6, మిగిలింది కొడుక్కి. కసాగు 24. భార్యకు 3, తల్లికి 4, కొడుక్కి 17 వంతులు. ఇది అర్థమయ్యాక రెండోది: ఒకామె భర్తనూ సొంత అక్కచెల్లెళ్లు ఇద్దర్నీ వదిలి చనిపోయింది. భర్తకు 1/2, అక్కచెల్లెళ్లకు 2/3. కూడితే 7/6, ఉన్న ఆస్తికన్నా ఎక్కువ! అప్పుడు హారాన్ని 7 చేసి భర్తకు 3/7, వాళ్లకు 4/7 ఇస్తారు. దీన్ని ఔల్ అంటారు. భిన్నాలంటే భయపడే పిల్లలకు ఇంతకన్నా మంచి లెక్క నేను చూడలేదు. పైగా ఆడపిల్లలకు తమ వాటా ఎంతో తెలుస్తుంది. చాలా ఇళ్లలో ఆ వాటా నోటిమాటతో వదిలించేస్తున్నారు, అందుకే ఇది మగపిల్లలకు కూడా తప్పనిసరి.

బయాలజీ దగ్గర ఎక్కువసేపు ఆగాం. ఎనిమిదిలో కౌమార దశ, పదిలో ప్రత్యుత్పత్తి. ఈ పాఠాలు గబగబా దాటించేస్తే బాగుండునని కొందరు తల్లిదండ్రులకు ఉంటుంది. ఆలిమా ఆపా చాలా స్పష్టంగా మాట్లాడారు. "తహారత్ (శుచి) పాఠంలో హైజ్ (నెలసరి) గురించి, గుసుల్ (శుచి స్నానం) గురించి నేను ఆడపిల్లలకు చెప్పే తీరాలి. అది ఫర్జ్ (తప్పనిసరి విధి). శరీరంలో ఏం జరుగుతోందో బయాలజీ మేడమ్ ముందు చెబితే నా పాఠం తేలికవుతుంది." ఆ రెండు పాఠాలూ ఒకే వారంలో పెట్టాం. ఆడపిల్లలకు మేడమ్, మగపిల్లలకు సార్, విడివిడిగా. ఒక్క పేజీ కూడా వదలరు.

పరిణామ సిద్ధాంతం గురించి సైన్స్ సార్ అడిగారు. పదో తరగతి పుస్తకంలోంచి ఎన్‌సీఈఆర్‌టీ ఆ భాగాన్ని తీసేసింది. కానీ ఇంటర్ బైపీసీలో ఉంది, నీట్‌లో ఉంది. మా పిల్లల్లో డాక్టర్లు కావాలనుకునేవాళ్లు తక్కువేం కాదు. అనువంశికత పాఠం చివర రెండు పీరియడ్లు అదనంగా పెట్టి దాన్ని సైన్స్‌గా, సాక్ష్యాలతో సహా చెప్పాలని తీర్మానించాం. ప్రశ్నలు వస్తాయి. వచ్చిన ప్రశ్నల్ని దీనియాత్ క్లాసులో హాఫిజ్ సాబ్ తీసుకుంటారు. పిల్లవాడు అడిగిన దానికి కసిరి కూర్చోబెట్టడం సైన్స్ క్లాసులోనూ దీనియాత్ క్లాసులోనూ ఉండకూడదన్నారు ఆయనే.

ఏప్రిల్ చివర, సెలవుల్లో

భాషల బరువు. తెలుగు, హిందీ, ఇంగ్లీషు పరీక్షకు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, కొందరి ఇళ్లలో తెలుగే. దూదేకుల పిల్లలకు ఉర్దూ రాదు. ఖురాన్ అరబీలో. దీనియాత్ పుస్తకాలు ఉర్దూలో. ఆరో తరగతి పిల్లవాడు నాలుగు లిపులు మోస్తున్నాడు.

నా అభిప్రాయం చెప్పేశాను: దీనియాత్ తెలుగులో రాయించాలి. చెప్పేటప్పుడు హాఫిజ్ సాబ్ ఉర్దూలో చెప్పొచ్చు, నోట్సు మాత్రం తెలుగులో. అర్థం కాని భాషలో కంఠస్థం పెట్టిన అఖ్లాఖ్ పాఠం పరీక్ష కాగితం దాటి బయటికి రాదు. కమిటీలో పెద్దాయన ఒకరు బాధపడ్డారు, ఉర్దూ పోతుందని. ఆ బాధ నాకూ ఉంది. అందుకే ఉర్దూ చదవడం, రాయడం ఆరు, ఏడు తరగతుల్లో లైబ్రరీ గంటలో నేర్పుతాం, మార్కుల్లేకుండా. అరబిక్ వ్యాకరణం ఏడో తరగతి దాకా వద్దు. ఇష్టమున్నవాళ్లకు ఎనిమిది, తొమ్మిదిల్లో ఐచ్ఛికం. ఇంటర్‌లో రెండో భాషగా అరబిక్, ఉర్దూ రెండూ తీసుకోవచ్చు కాబట్టి దారి మూసుకుపోదు.

తెలుగు మేడమ్ తనంతట తానే ఒక పని చేశారు. తెలుగు ఉపవాచకానికి తోడుగా పిఠాపురం ఉమర్ అలీషా గురించీ బుర్రకథ నాజర్ గురించీ పిల్లలే వెతికి రాసే ప్రాజెక్టులు పెట్టారు. తెలుగు తమది కాదనుకునే పిల్లలు మా బడిలో కొందరున్నారు. వాళ్లకు ఇది కావాలి.

జూన్

12న బడి తెరిచారు. పొద్దున 20 నిమిషాల ఖురాన్ గంట మొదటి వారం గందరగోళంగా నడిచింది. గుంపులకు గదులు చాల్లేదు, వరండాలు వాడుతున్నాం. రెండో వారానికి కుదురుకుంది.

శుక్రవారం టైంటేబుల్‌లో పెద్ద మార్పు చేశాం. జుమా (శుక్రవారం నమాజు) కోసం మగపిల్లలు 12:40కి వెళ్తే తిరిగొచ్చేసరికి రెండు దాటుతుంది. ఇన్నాళ్లూ ఆ సమయమంతా ఆడపిల్లలు క్లాసుల్లో ఊరికే కూర్చునేవాళ్లు. ఇప్పుడు ముందు ఆలిమా ఆపాతో ఖురాన్, జొహర్ (మధ్యాహ్నం) నమాజు, భోజనం. ఆ తర్వాత గ్రౌండ్ మొత్తం వాళ్లదే. మామూలు రోజుల్లో క్రికెట్ ఆడే మగపిల్లలు ఒక మూల కూడా వదలరు. వానాకాలం మబ్బు ఉన్న శుక్రవారాల్లో త్రోబాల్, కబడ్డీ బాగా సాగుతున్నాయి. ఎండ కాసే నెలలకు షెడ్డు కావాలి, కమిటీకి అర్జీ పెట్టాను.

ఒక తండ్రి వచ్చి దీన్ పీరియడ్లు తగ్గించారేంటని కోపంగా అడిగారు. వాళ్లబ్బాయి నింపిన జనవరి కాగితం తీసి ముందు పెట్టాం. చాలాసేపు చూశారు. "అయితే ట్యూషన్ మాన్పించనా?" అని అడిగారు. మాన్పించమని సలహా ఇచ్చాం.

జులై 16

ఏటా మే 28 ప్రాంతంలో, మళ్లీ జులై 16 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా మక్కాలోని కాబా నడినెత్తిన ఉంటాడు. జులైలో మన గడియారం ప్రకారం మధ్యాహ్నం 2:57. ఆ నిమిషంలో సూర్యుడు కనిపించే ఏ చోట నిలబడి అటువైపు తిరిగినా అదే ఖిబ్లా (నమాజుకు తిరగాల్సిన దిక్కు). మే నెల మనకు సెలవులు, జులై దొరుకుతుంది.

తొమ్మిది, పది తరగతుల పిల్లలు గ్రౌండ్‌లో కర్రలు నిలువుగా పాతారు. ముందే లెక్క వేసి పెట్టుకున్నారు: నంద్యాల నుంచి ఖిబ్లా పడమరకు ఉత్తరంగా దాదాపు 15 డిగ్రీలు. మబ్బులు కమ్మి ఉన్నాయి, అందరూ ఆకాశం చూస్తూ నిలబడ్డారు. 2:55కి కాస్త తెరిపి ఇచ్చింది. నీడల వెంట సున్నం గీతలు గీశారు. దిక్సూచి పెట్టి చూస్తే చాలా గీతలు 15కు దగ్గరగా వచ్చాయి. దూరంగా పోయినవాళ్ల కర్రలు వంకరగా ఉన్నాయని వాళ్లే పట్టుకున్నారు. మక్కా మనకన్నా ఉత్తరాన ఆరు డిగ్రీలే కదా, ఖిబ్లా 15 డిగ్రీలు ఎందుకు తిరిగిందని పదో తరగతి అమ్మాయి అడిగింది. గ్లోబు మీద దారం కట్టి చూపించాం. హిందూ పిల్లలు కూడా కర్రలు పాతారు, ఇది భూగోళమూ త్రికోణమితీ కాబట్టి ఎవరికీ సమ్మతి పత్రంతో పనిలేదు.

జులై చివర, మిగిలిన పనులు

అఖ్లాఖ్‌కు మార్కులు వేయాలా వద్దా అన్నది తేలలేదు. వేయకూడదని నా పట్టు. ఫిఖహ్, సీరత్‌లకు పరీక్ష సరే. నిజాయితీకి పదికి ఎనిమిది అని ప్రోగ్రెస్ కార్డులో రాయడం నాకు నచ్చదు. దానికి బదులు టీచరు ఏడాదికి రెండుసార్లు నాలుగు వాక్యాలు రాసి తల్లిదండ్రులకు ఇవ్వాలని ప్రతిపాదించాను.

హిఫ్జ్ చేసే పిల్లల సంగతి ఇంకా కష్టంగా ఉంది. వాళ్లకు రోజుకు కనీసం మూడు గంటలు కావాలి. ఆరో తరగతికి ముందే పూర్తిచేయించడమా, హిఫ్జ్ అయ్యాక వయసుకు తగ్గ తరగతిలో చేర్చి ఒక ఏడాది వంతెన కోర్సు నడపడమా అని ఇమామ్ సాబ్‌లతో మాట్లాడుతున్నాం. నాకు రెండోదే నయమనిపిస్తోంది.

ఆగస్టు 10 ప్రాంతంలో నంద్యాలలో మిట్టమధ్యాహ్నం నీడ ఉండదు. అది ఆదివారం పడింది, కాబట్టి 11న సోమవారం చేస్తాం. ఆరోజు అసర్ (సాయంత్రం నమాజు) వేళ లెక్క చాలా తేలిక. ఫిఖహ్‌లో షాఫయీ, హనఫీ రెండు సంప్రదాయాలు. నీడ కర్రంత అయితే షాఫయీ పద్ధతిలో అసర్, సూర్యుడి ఎత్తు 45 డిగ్రీలు. కర్రకు రెండింతలైతే హనఫీ, టాన్ విలువ 1/2, అంటే 26.6 డిగ్రీలు. మా పిల్లల్లో ఎక్కువమంది హనఫీలు, సాయంత్రం దాకా ఉండాలి. ఇంటికి ఆలస్యంగా వస్తారని ముందే చీటీ పంపాలి.